ఆ నంబరు ఎక్కడ దొరికింది?

వికారాబాద్ జిల్లా తాండూరు మార్కెట్ యార్డులో కందులు అమ్ముకున్న రైతుకు డబ్బు ఖాతాలో పడకపోతే, ఒకప్పుడు వెళ్లి అడగడానికి ఒక చోటు ఉండేది. కమీషన్ ఏజెంటు దుకాణమో, బ్యాంకు కౌంటరో. అక్కడ కూర్చున్న మనిషి విసుక్కున్నా, రేపు రమ్మన్నా, ఆయన ఎవరో రైతుకు తెలుసు. ఇప్పుడు ఆ రైతుకే కాదు, బండల పాలిషింగ్ యూనిట్ నడిపే యజమానికీ, బషీరాబాద్ నుంచి రోజూ రైలెక్కే ఉద్యోగికీ, ఇందిరా చౌక్‌లో దుకాణం పెట్టుకున్న వ్యాపారికీ పేమెంటు మధ్యలో ఆగితే ముందు తోచే పని ఒకటే. ఫోన్ తీసి, ఆ సంస్థ పేరు కొట్టి, పక్కన కస్టమర్ కేర్ నంబర్ అని చేర్చి వెతుకుతారు. నకిలీ టెక్ సపోర్టు ముఠాలు కాచుకుని ఉండేది ఆ వెతుకులాట దగ్గరే. ఇంతకాలం ఈ మోసాన్ని మనం జనం అమాయకత్వం ఖాతాలో రాస్తూ వచ్చాం. ఫోన్ వాడటం రానివాళ్లు, చదువుకోనివాళ్లు, ఆశపడ్డవాళ్లు మోసపోతారని అనుకుంటూ వచ్చాం. వివరాలు దగ్గరగా చూస్తే ఈ అభిప్రాయం నిలబడదు. సంస్థలు తమ మనుషుల్ని కౌంటర్ల నుంచి వెనక్కి తీసుకున్న చోటల్లా ఒక ఖాళీ మిగిలింది, ఆ ఖాళీలోకి మోసగాడు వచ్చి కూర్చున్నాడు. అందుకని ఈ మోసాన్ని పట్టుకోవడానికి కంప్యూటర్ల గురించి పెద్దగా తెలియనక్కర్లేదు. అవతలి మనిషి దగ్గరికి మనం ఏ దారిన చేరామో ఒక్కసారి వెనక్కి తిరిగి చూసుకుంటే చాలు.

2018లో మహారాష్ట్రలో బయటపడ్డ ఉదంతం ఈ సంగతిని బాగా చెబుతుంది. గూగుల్ మ్యాప్స్‌లో ఏ దుకాణం వివరాలనైనా, ఏ కార్యాలయం వివరాలనైనా సరిదిద్దమని ఎవరైనా సూచించవచ్చు. మోసగాళ్లు ఆ వెసులుబాటును వాడుకుని బ్యాంక్ ఆఫ్ ఇండియా శాఖల ఎదురుగా తమ సొంత నంబర్లు చేర్చారు. ఖాతాదారులు తమ శాఖకే ఫోన్ చేస్తున్నామనుకుని ఆ నంబర్లకు చేసి, కార్డు వివరాలు చెప్పేశారు. ఇందులో ఖాతాదారుడు చేసిన తప్పేమిటి? ఎవరో పంపిన లింకు నొక్కలేదు. లాటరీకి ఆశపడలేదు. తన బ్యాంకు పేరు సరిగ్గా రాసి, దాని ఫోన్ నంబరు కోసం వెతికాడు. ఆనాటి నుంచి వెతుకులాటలో దొరికే నంబర్లను కల్తీ చేయడం ఒక పరిశ్రమ అయిపోయింది. డబ్బిచ్చి ప్రకటనలు వేసి పై వరుసలో కనిపించేవాళ్లు కొందరు. అచ్చం సంస్థ లోగోతో ఉత్తుత్తి సైట్లు కట్టేవాళ్లు ఇంకొందరు. ఎక్స్‌లోనో ఫేస్‌బుక్‌లోనో ఎవరైనా ఫలానా బ్యాంకు నా డబ్బు తిరిగివ్వడం లేదని రాసిన నిమిషాల్లోనే, ఆ బ్యాంకు పేరు పెట్టుకున్న నకిలీ ఖాతా నుంచి జవాబు వస్తుంది. మీ నంబరు ఇవ్వండి, మా వాళ్లు ఫోన్ చేస్తారని. ఫిర్యాదు చేసిన మనిషికి ఎట్టకేలకు ఎవరో పలికారన్న ఊరట కలుగుతుంది. పిలిచినా పలకని సంస్థల మధ్య వెంటనే పలికేవాడు మోసగాడే కావడం ఈ కాలపు దౌర్భాగ్యం.

ఫోన్ కలిశాక జరిగే తంతుకు ఒక వరుస ఉంది. మొదట మర్యాద. సార్ అనో మేడమ్ అనో పిలిచి, సమస్య ఓపికగా విని, ఫిర్యాదు నంబరంటూ ఒకటి ఇస్తారు. తర్వాత, మీ ఫోన్‌లోనే లోపం ఉంది, దాన్ని సరిచేయడానికి ఒక యాప్ వేసుకోండి అంటారు. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ వంటి యాప్‌ల పేర్లు చెబుతారు. ఇవి దొంగ యాప్‌లు కావు, అదే అసలు చిక్కు. ప్లే స్టోర్‌లోనే ఉంటాయి, లక్షలమంది న్యాయమైన పనులకు వాడతారు. యాప్ చూపే కోడ్ చెప్పమంటారు. అది చెప్పి, తెర మీద అడిగిన అనుమతులన్నీ ఇచ్చాక, మీ ఫోన్ తెర అవతలి మనిషి ముందు పరిచినట్టే. వచ్చే ప్రతి ఓటీపీ మీకంటే ముందు అతను చదువుతాడు. కొన్ని అనుమతులిస్తే మీ ఫోన్‌ను అతనే నడపగలడు కూడా. అప్పుడు రిజిస్ట్రేషన్ కోసమని ఒక్క రూపాయో పది రూపాయలో కట్టమంటారు. కావలసింది ఆ రూపాయి కాదు, దాన్ని కట్టడానికి మీరు టైపు చేసే కార్డు వివరాలు, యూపీఐ పిన్. ఎనీడెస్క్ పేరు చెప్పి మరీ బ్యాంకులను రిజర్వ్ బ్యాంక్ హెచ్చరించింది 2019 ఫిబ్రవరిలో. ఆ హెచ్చరిక బ్యాంకుల ఫైళ్లలో ఎంత దూరం పోయిందో గానీ, పాస్‌బుక్ చేతబట్టుకుని క్యూలో నిలబడ్డ ఖాతాదారుడి దాకా మాత్రం రావలసినంతగా రాలేదు.

తెర పంచుకునే యాప్‌ల మీద జనానికి కొంత అనుమానం పుట్టేసరికి ఏపీకే ఫైళ్లు వచ్చాయి. ప్లే స్టోర్‌తో పని లేకుండా వాట్సాప్‌లో నేరుగా వచ్చే యాప్ ఫైలు ఇది. బ్యాంకు కేవైసీ, పీఎం కిసాన్, ట్రాఫిక్ చలానా, చివరికి పెళ్లి పత్రిక, ఇలా ఏ పేరుతోనైనా వస్తుంది. ఇన్‌స్టాల్ చేసి ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి ఇస్తే, ఓటీపీలన్నీ గప్‌చిప్‌గా వేరే ఫోన్‌కు పోతాయి. చాలాసార్లు అదే ఫైలు బాధితుడి వాట్సాప్ నుంచి అతని బంధువులకూ గ్రూపులకూ వెళ్తుంది. పంపింది మన అన్నే కదా, మన ఊరి సర్పంచే కదా అని తెరిచినవాళ్లు తర్వాతి బాధితులవుతారు. పెద్దేముల్, యాలాల వంటి మండలాల్లో ఊరు ఊరంతా ఒకే వాట్సాప్ గ్రూపులో ఉండటం మామూలు. అటువంటి చోట ఒక ఫోన్ చెడితే ఎన్ని ఇళ్లకు పాకుతుందో ఊహించుకోవచ్చు. మరో పద్ధతి, నెట్‌వర్క్ సరిచేస్తామంటూ నక్షత్రం గుర్తు, 401, మళ్లీ నక్షత్రం, ఆ తర్వాత ఒక ఫోన్ నంబరు నొక్కమనడం. అలా చేస్తే మీకు రావలసిన కాల్స్ అన్నీ ఆ నంబరుకు మళ్లుతాయి, ఓటీపీని ఫోన్‌లో చదివి వినిపించే కాల్స్ కూడా. ఈ బెడద ఎంత పెరిగిందంటే, నంబర్లు నొక్కి కాల్స్ మళ్లించుకునే సదుపాయాన్నే 2024 ఏప్రిల్ 15 నుంచి నిలిపేయమని టెలికాం శాఖ కంపెనీలను ఆదేశించవలసి వచ్చింది.

ఇదంతా ఫోన్ రూపం. దీనికి ముందుది కంప్యూటర్ రూపం, దాని కథ మన గడ్డ మీదే చాలావరకు నడిచింది. ఏదో సైట్ చూస్తుండగా తెర నిండా ఎర్రటి హెచ్చరిక వస్తుంది. సైరన్ మోగుతుంది. మీ కంప్యూటర్‌లో వైరస్ చేరింది, ఆపితే సమాచారమంతా పోతుంది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండని మైక్రోసాఫ్ట్ పేరుతో రాసి ఉంటుంది. ఫోన్ చేస్తే అవతలి మనిషి విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్ తెరిపిస్తాడు. అందులో ఎర్ర గుర్తులూ పసుపు గుర్తులూ వందలుగా కనిపిస్తాయి. నిక్షేపంగా ఉన్న కంప్యూటర్‌లోనూ అవి ఉంటాయి, రోజువారీ చిన్నాచితకా అంతరాయాల చిట్టా అది. అయినా మొదటిసారి చూసినవాడికి గుండె ఆగినంత పనవుతుంది. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఎప్పుడూ ఫోన్ నంబరు ఇవ్వదని ఆ సంస్థే స్పష్టంగా చెప్పింది. అంటే తెర మీద ఫోన్ నంబరు కనబడిందంటేనే అది నకిలీ అని తేలిపోయింది, ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. ఎస్కేప్ మీటను కాసేపు నొక్కి పట్టుకుంటే తెర మామూలవుతుంది. కాకపోతే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కి బ్రౌజర్‌ను మూసేయవచ్చు. అదీ కుదరకపోతే కంప్యూటర్ ఆపేసి మళ్లీ వేసుకోవచ్చు. ఏమీ పోదు.

అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2012 అక్టోబరులో ఇటువంటి ముఠాలపై మొదటిసారి పెద్ద ఎత్తున కేసులు వేసినప్పుడు, వాటిలో ఎక్కువ భారతదేశం నుంచి నడిచేవే. 2023 అక్టోబరులో సీబీఐ ఆపరేషన్ చక్ర-2 పేరుతో పలు రాష్ట్రాల్లో దాడులు చేసింది. మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఇచ్చిన ఫిర్యాదులే వాటిలో కొన్ని కేసులకు మూలం. హైదరాబాద్ కూడా ఈ పటానికి బయట లేదు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో 2025 మార్చిలో మాదాపూర్‌లో ఒక కాల్ సెంటర్‌పై దాడి చేసి 63 మందిని అరెస్టు చేసింది. పేపాల్ కస్టమర్ కేర్ సిబ్బందిమని చెప్పుకుని అమెరికా వాసులను మోసగించారన్నది అభియోగం. టెక్ సపోర్టు మోసాల వల్ల 2024 ఒక్క ఏడాదిలో తమకందిన ఫిర్యాదుల్లో నష్టం సుమారు 146 కోట్ల డాలర్లని అమెరికా ఎఫ్‌బీఐ లెక్క చెప్పింది. పోగొట్టుకున్నవాళ్లలో పెద్ద వంతు అరవై దాటినవారు. వాళ్ల నుంచి నగదు, బంగారం నేరుగా వసూలు చేసే పనికి దిగి, చదువుకోవడానికి అమెరికా వెళ్లిన భారతీయ విద్యార్థులు కొందరు అక్కడి జైళ్ల పాలయ్యారు. వికారాబాద్ జిల్లా నుంచి ఏటా డిగ్రీ చేతబట్టుకుని హైదరాబాద్ బాట పట్టే యువతకు ఇది సూటిగా తగిలే విషయం. రాత్రి షిఫ్టు, ఇంగ్లీషు వస్తే చాలు, సంస్థ గురించి బయట మాట్లాడొద్దు, అసలు పేరుకు బదులు మరో పేరుతో మాట్లాడాలి – ఇటువంటి షరతులతో ఉద్యోగం వస్తే ఆ జీతం ఎవరి కష్టార్జితం నుంచి వస్తుందో చేరకముందే ఆలోచించాలి. ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద కంప్యూటర్ సాధనాలతో మరొకరిలా నటించి మోసగించిన నేరానికి మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉంది. ఉద్యోగి కాబట్టి చెప్పిన పని చేశాననే మాట పోలీసు కేసు నుంచి కాపాడదు.

చదువుకున్నవాళ్లు పడరు, కుర్రాళ్లు పడరు అనే నమ్మకానికి మళ్లీ వద్దాం. మైక్రోసాఫ్ట్ 2021లో 16 దేశాల్లో చేయించిన సర్వేలో భారతదేశంలో అడిగినవారిలో 69 శాతం మందికి ఇటువంటి మోసం ఎదురైంది. ప్రపంచ సగటు 59 శాతం. మన దగ్గర 31 శాతం మంది, అంటే ముగ్గురిలో ఒకరికి దగ్గరగా, డబ్బు పోగొట్టుకున్నారు. వాళ్లలో ముందున్నది తాతలూ నాయనమ్మలూ కాదు, 24 నుంచి 37 ఏళ్ల వయసువాళ్లు. దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. ఫోన్‌తో ఎక్కువ పనులు చేసేవాడికే ఎక్కువ సమస్యలు వస్తాయి, అతనే ఎక్కువగా వెతుకుతాడు, యాప్ వేసుకోమంటే చకచకా వేసుకోగలడు, అనుమతులు అడిగితే చదవకుండా సరే నొక్కడం అలవాటైపోయింది. వయసు మళ్లినవాడు ఆ యాప్ దగ్గరే ఆగిపోయి కొడుకును పిలుస్తాడు. ఆ ఆగడమే కొన్నిసార్లు అతన్ని కాపాడుతుంది. అంటే ఫోన్ మీద పట్టు ఉండటం ఇక్కడ రక్షణ కాకపోగా, మోసగాడి పని సులువు చేస్తోంది.

తాండూరుకు సంబంధించి ఇంకో మాట చెప్పాలి. తెలుగు నేలలో చాలాచోట్ల ఫోన్‌లో హిందీ వినబడగానే మనిషి కాస్త వెనక్కి తగ్గుతాడు, భాష రాకపోవడం వల్లనే కొందరు గట్టెక్కుతారు. కర్ణాటక సరిహద్దుకు ఆనుకుని ఉన్న తాండూరులో తెలుగు, ఉర్దూ, కన్నడ కలిసి నడుస్తాయి. దక్కనీ ఉర్దూ ఇంట్లో మాట్లాడేవాళ్లకు, బజారులో మాట్లాడేవాళ్లకు అవతలి నుంచి వచ్చే హిందీ పరాయిగా తోచదు. ఇతర రాష్ట్రాలకు బండలు పంపే వ్యాపారికి రోజూ కొత్త గొంతులతో హిందీలో బేరాలు తప్పవు. కాబట్టి యాసను బట్టి మోసగాడిని పోల్చుకునే ఉపాయం ఇక్కడ పని చేయదు. ఇప్పుడు ముఠాలు తెలుగు మాట్లాడేవాళ్లనూ పెట్టుకుంటున్నాయి కనుక రేపు ఎక్కడా పని చేయదు.

మరి దేన్ని బట్టి పోల్చుకోవాలి? మూడు విషయాలు చూడమంటాను, అందులో మొదటిదే అన్నిటికన్నా ముఖ్యం. ఆ నంబరు ఎక్కడి నుంచి వచ్చింది? వాళ్లే ఫోన్ చేశారా, మెసేజ్‌లో వచ్చిందా, వెతుకులాటలో దొరికిందా, లేక మీ పాస్‌బుక్ మీద, ఏటీఎం కార్డు వెనుక, కరెంటు బిల్లు మీద అచ్చయి ఉందా? కాంటా మీద కందుల బస్తా ఎక్కించే ముందు ముల్లు సున్నా దగ్గర ఉందో లేదో చూసుకోని రైతు ఉండడు. తూకం మొదలయ్యాక ఎంత జాగ్రత్తగా చూసినా, మొదట్లో తప్పితే అంతా తప్పే. ఫోన్ సంభాషణ కూడా అంతే. తప్పుడు నంబరుతో మొదలైన మాటల్లో అవతలివాడి మర్యాద, మీ పేరు చెప్పడం, ఖాతా చివరి నాలుగంకెలు చెప్పడం, ఇవేవీ సాక్ష్యం కావు. ఆ వివరాలన్నీ సంతలో సరుకులా అమ్ముడుపోతున్న రోజులివి. రెండోది, అతను మీ ఫోన్ లోపలికి రావాలని అడుగుతున్నాడా? యాప్ వేయమనడం, కోడ్ చెప్పమనడం, తెర చూపించమనడం, ఫైలు తెరవమనడం అన్నీ లోపలికి రావడానికే. డబ్బు తిరిగి పంపడానికి ఏ బ్యాంకుకూ మీ తెర చూడవలసిన పని లేదు. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు, పంపడానికే కావాలి. మూడోది, మిమ్మల్ని ఒంటరిని చేస్తున్నాడా? ఫోన్ పెట్టొద్దు, ఎవరికీ చెప్పొద్దు, పది నిమిషాల్లో ఖాతా స్తంభిస్తుంది, ఈ రాత్రి తొమ్మిదిన్నరకు కరెంటు కట్ చేస్తాం అనే మాటలన్నీ మీరు పక్క మనిషిని అడగకుండా ఉండటానికి వేసిన కంచె. కరెంటు సంస్థ ఎవరో వ్యక్తి మొబైల్ నంబరు ఇచ్చి రాత్రికి రాత్రే సరఫరా ఆపుతానని బెదిరించదు. ఆ భయంతో ఫోన్ చేసి డబ్బు పోగొట్టుకున్న కుటుంబాలు ఈ రాష్ట్రంలో చాలా ఉన్నాయి.

దీనికి ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. దూరం నుంచి కంప్యూటర్ సరిచేయడం నిజంగానే జరిగే పని. సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులోని కంప్యూటర్‌ను హైదరాబాద్‌లోని ఐటీ విభాగం ఇలాగే బాగుచేస్తుంది. ట్యాలీ నేర్పే మనిషి వ్యాపారి తెర మీదే చూసి సలహా చెబుతాడు. అటువంటివాటిని కూడా మోసంగా చూస్తే పనులు సాగవు కదా అంటారు. నిజమే, నేనూ వాటిని వద్దనడం లేదు. అక్కడ అవతలి మనిషి ఎవరో మీకు ముందే తెలుసు, డబ్బు చెల్లించి పెట్టుకున్న మనిషి, పని చెడితే పట్టుకోగల చిరునామా ఉంది. పైగా ఆ పని జరుగుతున్నంతసేపూ బ్యాంకు యాప్ తెరవమని ఎవరూ అడగరు. ఆ రెంటిలో ఏది తప్పినా అక్కడే ఆగిపోవచ్చు. ఇల్లు సర్దుకునే ఆడవాళ్లకూ, చదువుకునే పిల్లలకూ, పొలం పనులు చేసుకునేవాళ్లకూ మాత్రం తమ సొంత ఫోన్‌లోకి ముక్కూమొహం తెలియని మనిషిని రానివ్వవలసిన అవసరం జీవితంలో ఒక్కసారి కూడా రాదు. వాళ్ల విషయంలో నియమానికి మినహాయింపు పెట్టనక్కర్లేదు.

ఇంకో అభ్యంతరం దీనికన్నా బరువైంది. అసలు నంబరుకు ఫోన్ చేస్తే ఎత్తరు, ఎత్తినా ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని తిప్పుతారు, మరి డబ్బు ఇరుక్కున్నవాడు ఏం చేయాలి? ఈ ప్రశ్నకు ఖాతాదారుడిని తప్పు పట్టి తప్పించుకోవడం కుదరదు. రోజూ కోట్ల లావాదేవీలు నడిపే యాప్‌లలో ఫోన్ నంబరు దొరకాలంటే ఎన్ని మెట్లు దిగాలో వాడేవాళ్లందరికీ తెలుసు. సాయం చేసే మనిషి ఖర్చు తగ్గించుకున్న సంస్థ, ఆ ఖర్చును తెలియకుండానే మోసపోయినవాడి నెత్తిన వేస్తోంది. కొన్ని దిద్దుబాట్లు జరిగాయి, ఒప్పుకోవాలి. బ్యాంకుల సైట్లన్నీ 2025 అక్టోబరు 31 నాటికి డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే చివరతో ఉండాలని రిజర్వ్ బ్యాంక్ ఆదేశించింది. ఆ తోక బ్యాంకులకు తప్ప ఇతరులకు దొరకదు. బ్యాంకులు, ఆర్థిక సంస్థలు ఖాతాదారులకు చేసే సేవా కాల్స్ కోసం 1600తో మొదలయ్యే నంబర్ల వరుసను కేటాయించారు. పది అంకెల మామూలు మొబైల్ నుంచి బ్యాంకు ఆఫీసరునంటూ వచ్చే కాల్‌ను అనుమానించడానికి ఇప్పుడు గట్టి ఆధారం దొరికింది. వ్యక్తుల మధ్య యూపీఐలో డబ్బు కోరుతూ పంపే అభ్యర్థనలను 2025 అక్టోబరు 1 నుంచి ఆపేశారు. ఇవన్నీ మంచివే. కానీ తలుపులకు గడియలు పెట్టడం ఒకటి, తలుపు తట్టినవాడికి పలకడం ఒకటి. రెండోది ఇంకా జరగలేదు.

అది జరిగేదాకా చిన్న పట్టణానికి ఒక బలం ఉంది, దాన్ని వాడుకోవాలి. తాండూరులో బ్యాంకు శాఖ నడిచి వెళ్లే దూరంలో ఉంటుంది. ఆగిపోయిన పేమెంటు చాలావరకు కొద్ది రోజుల్లో దానంతట అదే ఖాతాకు తిరిగి వస్తుంది. అందాకా ఆగితే పోయేదేమీ లేదు. కరెంటు ఫిర్యాదుకు 1912, గ్యాస్ లీకైతే 1906 దేశమంతటా ఒకటే. మిగతావాటికి యాప్ లోపలున్న హెల్ప్ విభాగమో, కాగితం మీద అచ్చయిన నంబరో వాడాలి. ఫోన్ గురించి అనుమానం వస్తే తెలిసిన మొబైల్ షాపు మనిషిని, మీసేవ కేంద్రం ఆపరేటర్‌ను, ఇంట్లో పిల్లలను అడగాలి. వాళ్లు మాత్రం మోసం చేయరా అని అడగవచ్చు. చేసినవాళ్లు ఉన్నారు. అందుకే పిన్ వాళ్లకూ చెప్పకూడదు, ఫోన్ వదిలి వెళ్లకూడదు. అయినా రేపు ఉదయం అదే వీధిలో షట్టర్ ఎత్తవలసిన మనిషికి ఉండే భయం, ఎక్కడున్నాడో తెలియని గొంతుకు ఉండదు.

డబ్బు పోయాక చేయవలసిన పని నిమిషాల లెక్కలో ఉంటుంది. ముందు ఫోన్‌లో నెట్ ఆపేయాలి. తర్వాత మరో ఫోన్ నుంచి 1930కి చేయాలి, బ్యాంకుకు చెప్పి ఖాతా, కార్డు ఆపించాలి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. 1930 వెనుక 2021లో మొదలైన ఏర్పాటు ఒకటి ఉంది. ఫిర్యాదు అందగానే డబ్బు ఏ ఖాతాలోకి పోయిందో ఆ బ్యాంకుకు సమాచారం వెళ్తుంది, అక్కడ మిగిలి ఉంటే దాన్ని నిలిపేస్తారు. మోసగాళ్లు ఆ సొమ్మును ఒక ఖాతా నుంచి పది ఖాతాలకు, అక్కడి నుంచి ఏటీఎంలకు నిమిషాల్లో తరలిస్తారు. అందుకే గంట ఆలస్యమైనా వెనక్కి వచ్చే భాగం తగ్గిపోతుంది. సైబర్ మోసాల్లో 2024లో దేశ ప్రజలు పోగొట్టుకున్నది 22,845 కోట్ల రూపాయలని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. అంతకుముందు ఏడాది అది 7,465 కోట్లు. ఈ ఏర్పాటు మొదలైనప్పటి నుంచి 2025 మధ్య దాకా కాపాడగలిగినదంతా కలిపినా 5,489 కోట్లే. పోయినదాంతో పోలిస్తే చిన్నదే గానీ, అందులో ప్రతి రూపాయీ త్వరగా ఫోన్ చేసినవాళ్లది. ఆలస్యానికి పెద్ద కారణం సిగ్గు. ఇంట్లో తిడతారని, ఊళ్లో నవ్వుతారని రెండు మూడు రోజులు లోలోపల కుమిలిపోయి, అప్పుడు చెబుతారు. బాధితుడిని వెక్కిరించే ప్రతి మనిషీ ఆ రెండు మూడు రోజులు మోసగాడికి కానుకగా ఇస్తున్నాడు. మీ డబ్బు వెనక్కి ఇప్పిస్తాం, ఫీజు కట్టండి అంటూ పోలీసుల పేరుతో వచ్చే రెండో ఫోన్ కూడా మోసమే. నిలిపేసిన సొమ్మును బాధితులకు అందించడానికి కోర్టులు, లోక్ అదాలత్‌లు ఉన్నాయి, అక్కడ కమీషన్ అడగరు.

మోసగాళ్లు సొమ్ము తరలించే ఆ పది ఖాతాలు ఎవరివి? చాలావరకు మన మధ్యవాళ్లవే. నెలకు కొన్ని వేలిస్తామంటే పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ అప్పగించిన విద్యార్థులవి, కూలీలవి. కేసు మొదట తగిలేది ఆ ఖాతాదారుడికే, దాని వెనుక ఉన్నవాడు ఏ రాష్ట్రంలోనో ఉంటాడు. కాలేజీల్లో ఈ ఒక్క విషయం గట్టిగా చెబితే ముఠాల కాళ్లు సగం విరుగుతాయి.

నష్టం ఎవరు భరించాలన్న విషయంలో 2017 జులై 6న రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన ఉత్తర్వు అమల్లోకి వచ్చింది. ఆ ఉత్తర్వు ప్రకారం, ఖాతాదారుడి తప్పు లేకుండా డబ్బు పోయి, మూడు పనిదినాల్లోపు చెబితే అతనిపై భారం లేదు. ఖాతాదారుడే నిర్లక్ష్యంగా వివరాలు చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలిపేదాకా పోయినదంతా అతనే భరించాలి. తెలిపాక పోయింది బ్యాంకు భరించాలి. తప్పు ఖాతాదారుడిదని రుజువు చేయవలసిన బాధ్యత బ్యాంకుదే. ఈ చివరి మాట చాలామందికి తెలియదు, తెలియాలి. బ్యాంకు పేరుతో వెతికి, బ్యాంకు పేరుతో కనబడ్డ నంబరుకు ఫోన్ చేసినవాడిని నిర్లక్ష్యం చేశావనడం న్యాయం కాదని నా అభిప్రాయం. అసలు నంబరును అతనికి అందేలా చేయడంలో ఎవరెంత శ్రద్ధ చూపారన్నది కూడా ఆ తూకంలోకి రావాలి.

అందుకే ఈ విన్నపం తాండూరు, వికారాబాద్ బ్యాంకు శాఖల మేనేజర్లకు, మార్కెట్ కమిటీకి, కరెంటు ఆఫీసుకు. మీ అసలు నంబరును, దాని కింద 1930ని, తెలుగు, ఉర్దూ, కన్నడ మూడు భాషల్లో పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి, కౌంటర్ల మీద, యార్డు గేటు దగ్గర, రైల్వే స్టేషన్‌లో అంటించండి. కొత్త పాస్‌బుక్ ఇచ్చేటప్పుడు మొదటి పేజీ మీద ఆ నంబరు రాసి ఇవ్వండి. దీనికి పైనుంచి ఉత్తర్వు రానక్కర్లేదు.